కారు పక్క అద్దాలకు సన్ ఫిల్మ్‌ను ఇంట్లోనే అతికించుకోవడం: మన ఎండకు ఏది పనికొస్తుంది, ఎంతవరకు చేయవచ్చు?

బ్రాడీపేట ప్రయాణికుడు:
అందరికీ నమస్కారం. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ఉద్యోగం కోసం రోజూ విజయవాడ వెళ్లి వస్తాను. జాతీయ రహదారి ఇక్కడి నుంచి ఈశాన్యంగా సాగుతుంది కాబట్టి ఉదయం వెళ్లేటప్పుడు ఎండ కుడివైపు నుంచి పడుతుంది. సాయంత్రం నైరుతి దిశగా తిరిగి వచ్చేటప్పుడు పడమటి ఎండ కూడా కుడివైపు నుంచే వస్తుంది. అంటే డ్రైవరు పక్కనున్న అద్దానికి రెండు పూటలా ఎండే. వేసవి ఇంకా ముదరకముందే కుడిచేయి చురుక్కుమంటోంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పరిస్థితి ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

చట్టానికి లోబడి, రాత్రివేళ చూపుకు అడ్డం రాకుండా, వేడిని మాత్రం తగ్గించే ఫిల్మ్‌ను నేనే స్వయంగా అతికించుకోవాలని అనుకుంటున్నాను. బండి చిన్నది, డిక్కీ తలుపుకు అద్దం ఉన్న రకం. ఎలాంటి ఫిల్మ్ కొనాలి, ఏయే అద్దాలకు వేయాలి, ఈ పని చేతి అలవాటు లేనివారికి సాధ్యమేనా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరు.

ఆటోనగర్ అద్దాల పనివాడు:
నమస్కారమండీ. పక్క తలుపుల అద్దాలు దాదాపు చదునుగా ఉంటాయి కాబట్టి, ఓపిక ఉన్నవారు ఎవరైనా చేసుకోవచ్చు. డిక్కీ అద్దం రెండు దిక్కులకూ వంగి ఉంటుంది; ఫిల్మ్‌ను హీట్ గన్‌తో, అంటే వేడిగాలి ఊదే పరికరంతో, అద్దం ఆకారానికి ముడుచుకునేలా చేసి, ఆ తరువాతే అతికించాలి. వేడి ఒకచోట ఎక్కువైతే ఫిల్మ్ ముడత పడిపోతుంది, అదే గాజు మీద నిలిచిపోతే అద్దమే పగలవచ్చు. కొత్తవారు దాని జోలికి పోకూడదని నా సలహా. ముందు అద్దాన్ని కూడా వదిలేయండి. అయితే ఫిల్మ్ కొనే ముందు చట్టం సంగతి తెలిసినవారిని అడగడం మంచిది, ఎందుకంటే మా దగ్గరికి ఫిల్మ్ వేయించుకోవడానికి వచ్చేవారు ఎంతమందో, పోలీసులు ఆపారని తీయించుకోవడానికి వచ్చేవారూ అంతమంది ఉంటారు.

అరండల్‌పేట న్యాయవాది:
చట్టం సంగతి నేను చెబుతాను. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 100వ నిబంధన ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు ప్రసరించాలి. అవిషేక్ గోయెంకా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు చెబుతూ, అద్దాన్ని తయారీలోనే ఆ శాతాలకు తగినట్టు రూపొందించవచ్చు గానీ, తరువాత దాని మీద ఎంత శాతం వెలుతురు రానిచ్చే నల్ల ఫిల్మ్ అయినా, మరే పదార్థమైనా అతికించకూడదని స్పష్టం చేసింది. చలానా రాయడంతో సరిపెట్టకుండా ఆ ఫిల్మ్‌ను వెంటనే తొలగింపజేయాలని కూడా పోలీసులను ఆదేశించింది.

తరువాత 2020లో ఆ నిబంధనను సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా ‘సేఫ్టీ గ్లేజింగ్’ను కూడా అందులో చేర్చారు. లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న గాజు దాని కిందికి వస్తుంది. ఈ సవరణను ఆధారం చేసుకొని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో, నిర్ణీత శాతాలకు లోబడిన ఫిల్మ్ ఉన్న వాహనాలకు జరిమానా విధించరాదని తీర్పునిచ్చింది. ఫిల్మ్ అమ్మే దుకాణాలు చాలావరకు ఈ తీర్పునే చూపించి అమ్ముతున్నాయి. కాని అది మరో రాష్ట్రపు హైకోర్టు తీర్పు. మన రాష్ట్రంలో వాదనకు బలం చేకూరుస్తుందే తప్ప, బెంజ్ సర్కిల్ దగ్గర మీ బండిని ఆపిన అధికారి దానికి కట్టుబడి ఉండవలసిన పని లేదు. కాబట్టి రంగు లేని ఫిల్మ్‌నే ఎంచుకోండి, బిల్లునూ తయారీదారు ఇచ్చిన ధ్రువపత్రాన్నీ బండిలో ఉంచుకోండి, అధికారి తొలగించమంటే రోడ్డు మీద వాదనకు దిగకండి. ముదురు రంగు ఫిల్మ్‌కు మాత్రం ఏ తీర్పూ అండగా నిలబడదు.

కృష్ణలంక వాసి:
న్యాయవాది గారు చెప్పిన 50 శాతం పక్క అద్దాలకే కదా. మరి 50 శాతం అని రాసి ఉన్న ఫిల్మ్ కొని అతికిస్తే సరిపోతుంది కదండీ? దుకాణంలో నాకు అలాగే చెప్పారు.

భౌతికశాస్త్ర అధ్యాపకుడు, విజయవాడ:
సరిపోదండీ, చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. ఫిల్మ్ మీద రాసిన శాతం ఫిల్మ్ ఒక్కదానిదే. చట్టం చూసేది గాజు, ఫిల్మ్ కలిశాక లోపలికి వచ్చే వెలుతురును. గాజు సహజంగానే కొంత వెలుతురును ఆపుతుంది; లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న గాజు మరికొంత ఎక్కువ ఆపుతుంది. ఈ రెండు శాతాలనూ గుణించాలి. మీ పక్క అద్దం 75 శాతం వెలుతురు పంపుతుందనుకుందాం. దానికి 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 37.5 శాతం, అంటే హద్దుకు చాలా దిగువన. 60 శాతం ఫిల్మ్ వేసినా 45 దగ్గరే ఆగుతుంది. 70 శాతం ఫిల్మ్ అయితే 52.5 వస్తుంది, కాని అది అంచు మీద నడవడమే. కొలిచే పరికరంలో కొద్దిపాటి తేడా వచ్చినా ఇబ్బందే. 80 శాతం ఫిల్మ్ అయితే 60 వస్తుంది కాబట్టి నిశ్చింతగా ఉండవచ్చు.

ఇదే లెక్కను ముందు అద్దానికి వేసి చూడండి. అక్కడ గాజు ఒక్కటే 75 నుంచి 80 మధ్య ఉందనుకుంటే, 90 శాతం ఫిల్మ్ వేసినా 67.5 నుంచి 72 మధ్య ఊగిసలాడుతుంది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. ఆ పొర అతినీలలోహిత కిరణాలను ముందే చాలావరకు ఆపేస్తుంది. పక్క అద్దాలు టఫెన్డ్ (వేడితో గట్టిపరిచిన) గాజు ఒక్క పలకే కాబట్టి చర్మాన్ని నల్లబరిచే కిరణాలు అటునుంచే ఎక్కువగా వస్తాయి. బ్రాడీపేట వారికి కుడిచేయి చురుక్కుమనడానికి ఇదీ ఒక కారణమే.

బ్రాడీపేట ప్రయాణికుడు:
అధ్యాపకుల లెక్కతో నా సందేహాలలో సగం తీరిపోయాయి. 80 శాతం వెలుతురును పంపే ఫిల్మ్, పైకి ఏమీ వేయనట్టే కనిపించే ఫిల్మ్, వేడిని నిజంగా ఆపగలదా?

భౌతికశాస్త్ర అధ్యాపకుడు, విజయవాడ:
కొంతవరకు ఆపగలదు. భూమిని చేరే సూర్యశక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో ఉంటుంది. కనిపించే వెలుతురును వదిలేసి, ఆ కిరణాలను ఎక్కువగా ఆపే సూక్ష్మకణాలతో చేసినదే సిరామిక్ ఫిల్మ్. వట్టి రంగు పూత ఫిల్మ్ కంటికి చల్లగా అనిపించినా పరారుణ కిరణాలను పెద్దగా ఆపదు. కొంతకాలానికి రంగు వెలిసి ఊదాగా మారుతుంది. నలుపుకూ చల్లదనానికీ ముడిపెట్టకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

కొనేటప్పుడు రెండు అంకెలు చూడాలి. ‘ఐఆర్ 95 శాతం’, అంటే పరారుణ కిరణాల్లో 95 శాతం ఆగుతుందన్న అంకెను, అమ్మేవారు పెద్ద అక్షరాలతో చూపిస్తారు. అది చాలాసార్లు ఏదో ఒక తరంగదైర్ఘ్యం దగ్గర, లేదా ఇరుకైన పరిధిలో కొలిచినది. మొత్తం సూర్యశక్తిలో ఎంత ఆగుతుందో చెప్పే అంకె ‘టీఎస్ఈఆర్’. రంగు లేని ఫిల్మ్‌కు అది ఎప్పుడూ ఐఆర్ అంకెకన్నా బాగా తక్కువగానే ఉంటుంది, నమ్మదగినది కూడా అదే. దుకాణంలో ఎర్రటి దీపం వెలిగించి ఫిల్మ్ వెనుక చేయి పెట్టమంటారు. ఒక్క క్షణం పెట్టి తీయకుండా కొన్ని నిమిషాలు అలాగే ఉంచండి. ఫిల్మ్ పీల్చుకున్న వేడిలో కొంత మళ్లీ లోపలికే వస్తుంది. నిలకడగా ఉంచినప్పుడే ఏ ఫిల్మ్ ఎంతో తెలుస్తుంది. బండి కదులుతున్నప్పుడు బయటి గాలి ఆ వేడిని చాలావరకు లాక్కుపోతుంది కాబట్టి ఫలితం బాగుంటుంది. గంటల తరబడి ఎండలో నిలిపి ఉంచిన బండిని ఏ ఫిల్మూ చల్లగా ఉంచలేదు, అందుకే ఫిల్మ్ ఉందన్న ధైర్యంతో పసిపిల్లలను అందులో ఒక్క నిమిషం కూడా వదలకండి.

కృష్ణలంక వాసి:
లెక్క అర్థమైంది. అయినా ఒక్క మాట. వెనుక సీట్లో ఆడవాళ్లు, పిల్లలు ప్రయాణిస్తున్నప్పుడు బయటివారి చూపు పడకుండా కాస్త ముదురు ఫిల్మ్ ఉంటే భద్రతగా ఉంటుందని మా ఇంట్లో అందరి అభిప్రాయం. వెనుక తలుపులకైనా వేసుకోకూడదా?

అరండల్‌పేట న్యాయవాది:
మీ ఆందోళన సహజమే, కాని సుప్రీంకోర్టు ఆ తీర్పు ఇవ్వడానికి మూలకారణాల్లో మహిళల భద్రత ఒకటి. నల్ల అద్దాల చాటున జరిగే నేరాలు బయటికి కనిపించవన్న ఆవేదనతోనే ఆ వ్యాజ్యం వేశారు. నిబంధన ముందు తలుపులకూ వెనుక తలుపులకూ తేడా చూపలేదు. జెడ్, జెడ్ ప్లస్ శ్రేణి భద్రత ఉన్నవారికి మాత్రమే అధికారుల పరిశీలన మీద మినహాయింపు ఉంటుంది.

మంగళగిరి ఉపాధ్యాయిని:
నేను గత వేసవికి ముందు మా బండి నాలుగు పక్క అద్దాలకూ సిరామిక్ ఫిల్మ్‌ను స్వయంగా వేసుకున్నాను. ఇప్పటికీ అంచులు లేవలేదు, బుడగలు రాలేదు. కృష్ణలంక వారికి నా వైపు నుంచి ఒక మాట: రాత్రి కరకట్ట రోడ్డు మీద దీపం లేని సైకిళ్లు ఎన్ని వస్తాయో మీకు తెలుసు. పక్క అద్దం గుండానే మనం సైడు మిర్రరును చూస్తాం. అద్దం ముదురైతే ఆ మిర్రరులో పక్కన వచ్చేవారు మాయమవుతారు. ఇంట్లోవారి భద్రత కోరే మీకు ఇదీ భద్రత విషయమే.

ఇక పని విషయానికి వస్తే, ఇందులో ముప్పావు వంతు శుభ్రం చేయడమే. అతికించడం మిగిలిన పావు వంతు. అద్దానికీ ఫిల్మ్‌కూ మధ్య ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు కూడా చుట్టూ తెల్లటి గుడారంలా లేచి ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. నేను షెడ్డులో నేలను తడిపి, ఫ్యాను ఆపి, తెల్లవారుజామున గాలి నిలకడగా ఉన్నప్పుడు మొదలుపెట్టాను. ఎండలో చేస్తే నీళ్లు సగంలోనే ఆరిపోయి ఫిల్మ్ ఎక్కడపడితే అక్కడ పట్టేసుకుంటుంది.

నీళ్ల గురించి కూడా చెప్పాలి. మా ప్రాంతంలో బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరిన చోట తెల్లటి మచ్చ కడుతుంది. అందుకని తాగే నీళ్ల క్యాను తెచ్చి, స్ప్రే సీసాలో పోసి, పిల్లల షాంపూ కొన్ని చుక్కలు కలిపాను. షాంపూ ఎక్కువైతే జిగురు పట్టదు, తక్కువైతే ఫిల్మ్ జరగదు. వేళ్ల మధ్య రుద్దితే జారుతున్నట్టు తెలిసేంత ఉంటే చాలు. తుడవడానికి నూలు తువ్వాలు వాడకూడదు, దాని నూగు అద్దానికి అంటుకుంటుంది. మైక్రోఫైబర్ గుడ్డ వాడి, చివరికి స్క్వీజీతోనే (నీళ్లు లాగే రబ్బరు అంచు పలక) నీళ్లు లాగేయాలి. తలుపు ప్యాడు మీద, ముఖ్యంగా పవర్ విండో స్విచ్చుల మీద, మందపాటి తువ్వాలు కప్పండి; నీళ్లన్నీ కారేది అక్కడికే.

ఆటోనగర్ అద్దాల పనివాడు:
ఉపాధ్యాయిని గారు చెప్పినదంతా సరైనదే. కొలత, కత్తిరింపు గురించి నేను చెబుతాను, ఎందుకంటే కొత్తవారు తికమకపడేది అక్కడే.

ఫిల్మ్‌కు ఒకవైపు జిగురు, దాని మీద పల్చని ప్లాస్టిక్ కవరు ఉంటాయి. ఏ వైపున కవరు ఉందో తెలియకపోతే, మూలన రెండువైపులా సెల్లో టేపు ముక్కలు అంటించి విడదీయండి, ఊడివచ్చేదే కవరు. కొలతను బయటి నుంచి తీసుకోవాలి. అద్దం బయటివైపు తడిపి, కవరు మీకు కనిపించేలా, అంటే బయటికి తిరిగి ఉండేలా, ఫిల్మ్‌ను పరవండి. అలాగే కత్తిరించి లోపలికి తీసుకెళితే జిగురు వైపు సరిగ్గా గాజుకే ఎదురవుతుంది. కవరును లోపలివైపుకు పెట్టి కత్తిరించినవారికి ఆ ముక్క ఎదుటి తలుపుకే పనికొస్తుంది.

అద్దాన్ని రెండు వేళ్ల మందం కిందికి దించితే పై అంచు బయటపడుతుంది. ఆ అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఫిల్మ్ పై గీతను కోయండి. పూర్తిగా అంచు దాకా ఉంచితే, అద్దం పైకెక్కి రబ్బరులో దూరిన ప్రతిసారీ ఫిల్మ్ కొన రాచుకొని లేస్తుంది. పక్కలకు బీడింగు (అద్దం అంచుల వెంట ఉండే రబ్బరు పట్టీ) లోపలికి వెళ్లేంత, కిందికి రెండు మూడు సెంటీమీటర్లు అదనంగా ఉంచండి. కొత్త బ్లేడు వాడండి, ఒత్తకుండా దాని బరువుతోనే లాగండి.

అతికించేటప్పుడు కవరును మొత్తం ఒకేసారి తీయవద్దు. పైనుంచి సగం తీసి, జిగురు మీద నీళ్లు చల్లి, అద్దం మీద కూడా చల్లి, పై గీతను సరిచూసుకొని మధ్య నుంచి అంచులకు స్క్వీజీ లాగండి. ఆ తరువాత అద్దాన్ని మెల్లగా పూర్తిగా పైకెత్తి, మిగిలిన కవరు తీసి, కింది భాగాన్ని బీడింగు లోపలికి ప్లాస్టిక్ కార్డుతో తోయండి. ఆ బీడింగుకు ఉన్న నూగులోనే ఏళ్ల తరబడి దుమ్ము నిలిచి ఉంటుంది. ముందుగానే దానిని తడిపి కడిగి, మాస్కింగ్ టేపుతో కప్పేయాలి. గుంటూరులో మిర్చి యార్డు వైపు తిరిగే బండ్లలో ఆ సందు నుంచి ఎర్రటి పొడి రావడం నేను కళ్లారా చూశాను.

చివరగా, స్క్వీజీకి పల్చని గుడ్డ చుట్టి మూలల నుంచి మిగిలిన నీళ్లను నొక్కి తీయండి. గాలి బుడగ వేరు, నీటి బుడగ వేరు. నీటిది ఆరిపోతుంది. గాలిది ఉండిపోతుంది కాబట్టి తడి ఉండగానే నెట్టేయాలి.

బ్రాడీపేట ప్రయాణికుడు:
ఇంత ఓపికగా వివరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. డ్రైవరు పక్క అద్దంతో కాకుండా వెనుక తలుపుతో మొదలుపెడదామని అనుకుంటున్నాను. ఇంకా రెండు సందేహాలున్నాయి. ఫిల్మ్ వేశాక అద్దాలు ఎప్పటినుంచి దించవచ్చు? కాజ టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్‌కు ఏమైనా ఆటంకం కలుగుతుందా?

మంగళగిరి ఉపాధ్యాయిని:
వెనుక తలుపుతో మొదలుపెట్టడం మంచి ఆలోచన. వేసవిలో అయితే వారం రోజులు, వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అంతకన్నా ఎక్కువ రోజులు అద్దాలు దించకుండా ఉండండి. స్విచ్చుల మీద టేపు అంటిస్తే ఇంట్లో పిల్లలు పొరపాటున నొక్కకుండా ఉంటారు. మొదటి వారాల్లో అద్దం కొంచెం మసకగా, పొగమంచు పట్టినట్టు కనిపిస్తే కంగారుపడి నొక్కకండి, ఆ తేమ దానంతట అదే ఆరిపోతుంది. తరువాత శుభ్రం చేసేటప్పుడు అమ్మోనియా కలిసిన గ్లాసు క్లీనర్లు వాడవద్దు. తడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

భౌతికశాస్త్ర అధ్యాపకుడు, విజయవాడ:
ఫాస్టాగ్ ముందు అద్దానికే ఉంటుంది, అది రేడియో తరంగాలతో పనిచేస్తుంది. ముందు అద్దాన్ని మీరు వదిలేస్తున్నారు కాబట్టి ఆటంకం ఉండదు. లోహపు పూత ఉన్న ఫిల్మ్‌ను ముందు అద్దానికి వేసినవారికే ఆ బాధ. అయినా లోహపు పూత ఫిల్మ్ పక్క అద్దాలకు కూడా కొనకండి. అది అద్దంలా తళతళలాడుతూ ఎదుటివారి కళ్లలో వెలుగు కొడుతుంది, లోపల ఫోను సిగ్నలును కూడా తగ్గించవచ్చు.

కృష్ణలంక వాసి:
ఈ చర్చ చదివాక మా బండికి ఉన్న పాత ముదురు ఫిల్మ్‌ను తీసేయాలని ఇంట్లో నిర్ణయించుకున్నాం. డిక్కీ అద్దానికి కూడా అదే ఉంది, లోపలివైపు సన్నటి ఎర్రగీతలు ఉన్నాయి. బ్లేడుతో గీకవచ్చా?

ఆటోనగర్ అద్దాల పనివాడు:
పక్క అద్దాలకు గీకవచ్చండీ, డిక్కీ అద్దానికి మాత్రం వద్దు. ఆ గీతలు మంచు కరిగించే డీఫాగర్ తీగలు. బ్లేడు తగిలి ఒక్క గీత తెగినా ఆ వరుస పనిచేయదు. అద్దానికి బయటి నుంచి హీట్ గన్‌తో, లేదా లోపలి నుంచి ఆవిరితో, చేయి పెట్టగలిగేంత వేడి మాత్రమే చేసి, మూల నుంచి ఫిల్మ్‌ను గీతల వెంబడి, అంటే అడ్డంగా, నెమ్మదిగా లాగండి. తొందరపడితే ఫిల్మ్ వచ్చి జిగురు అద్దానికే మిగిలిపోతుంది. అలా మిగిలిన చోట సబ్బునీళ్లలో తడిపిన గుడ్డను కాసేపు అంటించి ఉంచి, మెత్తబడ్డాక ప్లాస్టిక్ కార్డుతో గీతల వెంబడే తోయండి. పాత ఫిల్మ్ పెళుసుబారి ముక్కలు ముక్కలుగా వస్తుంటే అక్కడితో ఆపి, ఆవిరి యంత్రం ఉన్న దుకాణానికి తీసుకెళ్లండి.